మాట తడబడినా లెక్క తప్పలేదు



ప్రోగ్రెస్ కార్డు చేతికి రాగానే మనలో చాలామంది ముందు చూసేది మ్యాథ్స్ మార్కులే. అవి తగ్గితే మా వాడు లెక్కల్లో వీక్ అని వెంటనే తేల్చేస్తాం. ట్యూషన్ పెట్టిస్తాం, ఇంకో వర్క్‌బుక్ కొంటాం, ఎక్కాలు పదిసార్లు రాయిస్తాం. కానీ లెక్క తప్పిన ప్రతిసారీ తప్పు లెక్కలోనే ఉండదు. ప్రశ్నలోని ఒక మాట బిడ్డకు అర్థమై ఉండకపోవచ్చు. జవాబు తెలిసినా నోటితో చెప్పలేకపోయి ఉండవచ్చు. చదవడమే ఇంకా కష్టంగా ఉండి, లెక్క దాకా వెళ్లేసరికి ఓపిక అయిపోయి ఉండవచ్చు.

ఈ మూడు ఇబ్బందులనూ ఒకే జీవితంలో చూసిన గణిత శాస్త్రవేత్త ఒకాయన ఉన్నారు. ఐదు వందల ఏళ్ల కిందట ఇటలీలో పుట్టారు. మాట సరిగా వచ్చేది కాదు, చిన్నప్పుడు చదువు చెప్పించే స్థోమత ఇంట్లో లేదు, ఆ కాలపు పెద్ద చదువులన్నీ ఆయనకు ఎవరూ నేర్పని భాషలో ఉండేవి. అయినా ఘన సమీకరణాలను సాధించిన తొలి వ్యక్తుల్లో ఒకరిగా నిలిచారు. ఆయనే టార్టాగ్లియా. అది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ఇటాలియన్‌లో ఆ మాటకు అర్థం నత్తివాడు.

బ్రెషియా పిల్లవాడు

అసలు పేరు నికోలో. ఇంటిపేరు ఫోంటానా అని ఎక్కువమంది రాస్తారు. ఉత్తర ఇటలీలోని బ్రెషియా పట్టణంలో 1500 ప్రాంతంలో పుట్టాడు. తండ్రి మికెలే గుర్రం మీద ఊరూరా ఉత్తరాలు చేరవేసేవాడు. నికోలోకు ఆరేళ్ల వయసప్పుడు దారిలో దొంగలు ఆయనను చంపేశారు. సంపాదించే మనిషి పోవడంతో కుటుంబం పేదరికంలో పడింది.

అంతకన్నా పెద్ద దెబ్బ 1512 ఫిబ్రవరిలో తగిలింది. ఫ్రెంచి సైన్యం బ్రెషియాను ముట్టడించి ఊరంతా దోచుకుంది. ప్రాణభయంతో జనం చర్చిల్లో తలదాచుకున్నారు. నికోలో కూడా తల్లితో, చెల్లెలితో కలిసి పెద్ద చర్చిలోకి పరుగెత్తాడు. సైనికులు అక్కడికీ వచ్చారు. ఒకడు కత్తితో ఆ పిల్లవాడి ముఖం మీద నరికాడు. దవడ, అంగిలి చీలిపోయాయి.

వైద్యుడికి ఇవ్వడానికి తల్లి దగ్గర డబ్బు లేదు. దెబ్బ తగిలిన కుక్క తన గాయాన్ని నాలుకతో నాకి మాన్పుకోవడం ఆమె చూసింది. తానూ అలాగే కొడుకు గాయాలను శుభ్రం చేస్తూ బతికించుకుంది. చాలా రోజులు ఆ పిల్లవాడు సరిగా తినలేకపోయాడు, మాట్లాడలేకపోయాడు. గాయాలు మానినా మాట మాత్రం మునుపటిలా రాలేదు. తోటి పిల్లలు నత్తివాడని పిలవడం మొదలుపెట్టారు. పెద్దయ్యాక ముఖం మీది మచ్చలు కనబడకుండా గడ్డం పెంచాడు కానీ ఆ పేరును దాచుకోలేదు. తన పుస్తకాల మీద తానే అచ్చు వేయించుకున్నాడు.

ఇక్కడ ఒక్క క్షణం మన పిల్లల వైపు చూద్దాం. నత్తి ఉన్న బిడ్డకు పదిహేడు ఎనిమిదులెంత అంటే జవాబు తెలిసే ఉండవచ్చు. నోరు తెరిచి చెప్పేలోపు పక్కవాడు చెప్పేస్తాడు. ఇలా పదిసార్లు జరిగితే ఆ బిడ్డ చెయ్యెత్తడం మానేస్తాడు. టీచరూ, ఇంట్లో మనమూ వాడికి లెక్క రాదనుకుంటాం. కొన్నాళ్లకు వాడూ అదే నమ్ముతాడు. గడగడా చెప్పడం, బాగా తెలిసి ఉండడం రెండూ ఒకటి కావు. అలాంటి బిడ్డకు కొంచెం టైమివ్వాలి. మాట మధ్యలో అందుకుని మనం పూర్తి చేయకూడదు. నోటితో చెప్పే జవాబును పలక మీద రాయనివ్వాలి.

కె అక్షరం దగ్గర ఆగిన చదువు

నికోలోకు పద్నాలుగేళ్లు వచ్చేవరకూ రాయడం రాదు. అప్పుడు రాత నేర్పే ఒక గురువు దగ్గర చేరాడు. ఆ గురువుకు జీతం వాయిదాల్లో ఇవ్వాలి. మొదటి వాయిదా కట్టారు. అక్షరాలు కె దాకా వచ్చేసరికి డబ్బు అయిపోయింది. మన పిల్లలు అచ్చులు పూర్తిచేసి హల్లుల్లోకి అడుగుపెట్టగానే బడి మానేసినట్టు అనుకోండి. మిగతా అక్షరాల ప్రతిని ఎలాగో సంపాదించుకుని తనంతట తానే దిద్దుకున్నాడు. ఆ తర్వాత ఏ గురువు దగ్గరకూ వెళ్లలేదని ఆయనే 1546లో అచ్చయిన తన పుస్తకంలో రాసుకున్నాడు. మనకు ఆయన బాల్యం గురించి తెలిసినదంతా దాదాపు ఆ పుస్తకం నుంచి వచ్చినదే.

పద్నాలుగేళ్లకు అక్షరాలు దిద్దిన పిల్లవాడు ఇరవై ఏళ్లు రాకముందే వెరోనా నగరంలో లెక్కలు చెప్పి బతకడం మొదలుపెట్టాడు. దీన్నిబట్టి మనకు ఒకటి తెలుస్తుంది. చదవడం, రాయడం ఆలస్యమైనంత మాత్రాన అంకెల మీద పట్టు ఆలస్యం కావాలని లేదు. అవి రెండు వేర్వేరు శక్తులు.

అయితే వాటి మధ్య సంబంధమే లేదని కూడా అనుకోకండి. లెక్కల్లో కొన్ని పనులు పూర్తిగా భాష మీద ఆధారపడతాయి. అంకెల పేర్లు వరసలో గుర్తుంచుకోవడం, ఎక్కాలు నోటికి రావడం, ప్రశ్న చదివి అందులో ఏం అడిగారో పట్టుకోవడం అలాంటివి. మాటలు ఆలస్యంగా వచ్చిన పిల్లలు, చదవడంలో ఇబ్బంది పడే పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మూడూ ఐదూ కలిపినా, ఐదూ మూడూ కలిపినా ఒకటేనని, ఈ కుప్ప ఆ కుప్ప కన్నా పెద్దదని గ్రహించడం మాత్రం వారిలో చాలామందికి అంత కష్టం కాదు. ఎక్కం మరిచిపోయిన బిడ్డకు గుణకారం అర్థం కాలేదని మనం అనేస్తాం. చింతపిక్కలు ఇచ్చి నాలుగేసి చొప్పున ఆరు వరసలు పేర్చమంటే క్షణాల్లో పేర్చి చూపిస్తాడు.

లాటిన్ అనే గోడ

ఆ రోజుల్లో ఇటలీలో చదువుకు రెండు దారులుండేవి. విశ్వవిద్యాలయంలో చదవాలంటే లాటిన్ రావాలి. యూక్లిడ్ రేఖాగణితమైనా, ఆర్కిమిడీస్ సిద్ధాంతాలైనా ఆ భాషలోనే దొరికేవి. రెండో దారి అబాకస్ బడులు. వ్యాపారుల పిల్లలకు కూడికలు, వడ్డీ, భాగస్వామ్యం, నాణేల మార్పిడి వంటివి ఇంటి భాషలోనే అక్కడ నేర్పేవారు. పేరు అబాకస్ అయినా ఆ బడుల్లో కాగితం మీద అంకెలతోనే లెక్కలు చేయించేవారు.

నికోలో రెండో దారిలో ఉపాధ్యాయుడయ్యాడు. మొదట వెరోనాలో, 1534 నుంచి వెనిస్‌లో పాఠాలు చెప్పాడు. తన దగ్గరికి వచ్చే ఫిరంగి దళంవాళ్లు, ఇళ్లు కట్టేవాళ్లు, వ్యాపారులు లెక్కలో తెలివైనవారే. వాళ్లకు లాటిన్ రాదు, అంతే. యూక్లిడ్ పుస్తకం వాళ్లకు తాళం వేసిన గది. తాళంచెవి గణితం కాదు, భాష.

మన పిల్లల్లో కూడా ఎంతోమంది ఇంట్లో తెలుగు మాట్లాడి, క్లాసులో ఇంగ్లిష్‌లో లెక్కలు నేర్చుకుంటున్నారు. అందులో తప్పేమీ లేదు. రెండు భాషలూ వాళ్లకు కావాలి. కానీ భాష మారినప్పుడు లెక్కలో కాలు జారే చోట్లు కొన్ని ఉంటాయి. అవి మనకు తెలిసి ఉండాలి.

తెలుగులో 12లోంచి 5 తీసెయ్యి అంటాం. ముందు పెద్ద సంఖ్య వస్తుంది, తర్వాత తీసేది. అదే ఇంగ్లిష్‌లో సబ్‌ట్రాక్ట్ 5 ఫ్రమ్ 12 అని ఉంటుంది. ఎడమ నుంచి కుడికి చదువుకుంటూ పోయే బిడ్డ 5 ముందు రాసి, దానిలోంచి 12 తీయబోతాడు. వాడికి తీసివేత వచ్చు. ఫ్రమ్ అనే చిన్న మాట ఏం చేస్తుందో తెలియలేదు.

పదమూడు అనే మాటలో పదీ మూడూ వినబడుతూనే ఉంటాయి. ముప్పైతో అది కలిసిపోదు. ఇంగ్లిష్‌లో థర్టీన్, థర్టీ రెండూ చెవికి దగ్గరగా ఉంటాయి. డిక్టేషన్‌లో 13 బదులు 30 రాసిన బిడ్డకు స్థాన విలువ రాదని అనుకునే ముందు, ఏం వినబడిందో ఒకసారి అడగండి.

భిన్నాలనే తీసుకోండి. నాలుగింట మూడు వంతులు అన్నప్పుడు ముందు మొత్తాన్ని నాలుగు చేశామని, అందులో మూడు తీసుకున్నామని ఆ మాటే చెబుతుంది. త్రీ బై ఫోర్ అన్నప్పుడు రెండు అంకెలు, మధ్యలో ఒక గీత మాత్రమే బిడ్డ మనసులో మిగలవచ్చు. ఇంట్లో దోసెను నాలుగు ముక్కలు చేసి తెలుగు మాట ఒక్కసారి చెబితే ఆ గీతకు అర్థం వస్తుంది.

మాటల్లో రాసిన సమీకరణం

నికోలోకు పేరు తెచ్చిన సంఘటన 1535లో జరిగింది. ఆ కాలంలో గణితజ్ఞులు పందెం కట్టుకుని ఒకరికొకరు ప్రశ్నలు ఇచ్చుకునేవారు. ఆంటోనియో మరియా ఫియోర్ అనే ఆయన టార్టాగ్లియాకు సవాలు విసిరాడు. ఇద్దరూ చెరో 30 ప్రశ్నలు ఇచ్చుకోవాలి. ఫియోర్‌కు తన గురువు శిపియోనె దెల్ ఫెర్రో దగ్గర నేర్చుకున్న రహస్యం ఒకటుంది. ఒక రకం ఘన సమీకరణాన్ని సాధించే పద్ధతి అది. అందుకే 30 ప్రశ్నలూ ఆ రకంవే ఇచ్చాడు.

ఆ ప్రశ్నలు ఎలా ఉండేవో చూడండి. ఒక సంఖ్య ఘనానికి ఆ సంఖ్యకు ఆరు రెట్లు కలిపితే 20 వస్తుంది, ఆ సంఖ్య ఏది? జవాబు 2. ఎందుకంటే 2 ఘనం 8, ఆరు రెట్లు 12, కలిపితే 20. ఇప్పుడు మన తొమ్మిదో తరగతి పిల్లలు దీన్ని ఎక్స్ పెట్టి సగం లైనులో రాసేస్తారు. అప్పటికి ఎక్స్ లేదు, సమానం గుర్తు లేదు. తెలియని సంఖ్యను ఇటాలియన్‌లో వస్తువు అని అర్థం వచ్చే మాటతో పిలిచేవారు. సమీకరణమంతా వాక్యమే. సాధించడమంటే ఆ వాక్యాన్ని మనసులో పట్టుకుని మెలికలు విప్పడమే.

గడువు దగ్గరపడుతుండగా, ఫిబ్రవరి 12 రాత్రి, టార్టాగ్లియాకు ఆ పద్ధతి సొంతంగా తట్టింది. అది తట్టాక 30 ప్రశ్నలనూ రెండు గంటల లోపే చేసేశాడు. ఆయన ఇచ్చిన ప్రశ్నల దగ్గర ఫియోర్ చేతులెత్తేశాడు. ఓడినవాడు 30 విందులు ఇవ్వాలన్నది పందెం. గెలిచిన గౌరవం చాలని ఆ విందులను టార్టాగ్లియా వదులుకున్నాడు.

ఈ పద్ధతిని మరిచిపోకుండా ఉండేందుకు ఆయన దాన్ని పద్యంగా కట్టుకున్నాడు. ఇటాలియన్‌లో 25 పాదాల పద్యం. మాట తడబడే మనిషికి లయ ఆసరా అయిందేమో అనిపిస్తుంది. అలా అని ఆయన ఎక్కడా రాయలేదు కానీ, ఎక్కాలను రాగం తీసి చదివిన మన తాతల తరానికి ఇది కొత్త కాదు. లయ ఉన్న మాట గుర్తుండిపోతుంది. అయితే పద్యం గుర్తుంటే చాలదు, దాని అర్థం కూడా కావాలి. 1539 మార్చిలో మిలాన్‌లో జిరోలామో కార్దానో అనే వైద్యుడు, గణితజ్ఞుడు టార్టాగ్లియాను బతిమాలి, రహస్యం బయట పెట్టనని మాట ఇచ్చి ఆ పద్యం సంపాదించాడు. ఎంతో తెలివైన ఆయనకే పద్యంలోని ఒక మాట ఎక్కడికి అన్వయించాలో తెలియక, మళ్లీ ఉత్తరం రాసి అడగాల్సి వచ్చింది. మాట అర్థం కాక లెక్క ఆగిపోవడం చిన్నపిల్లలకే జరుగుతుందని అనుకోకండి.

రాతలో గెలుపు, సభలో ఓటమి

కార్దానో ఆ పద్ధతిని 1545లో తన పుస్తకంలో ప్రచురించాడు. దెల్ ఫెర్రో కాగితాల్లో అదే పద్ధతి ముందే ఉందని చూశాక, ఇచ్చిన మాటకు కట్టుబడనక్కర్లేదని ఆయన వాదన. దెల్ ఫెర్రో పేరు, టార్టాగ్లియా పేరు రెండూ పుస్తకంలో చెప్పాడు. అయినా టార్టాగ్లియాకు కడుపు మండింది. మరుసటి ఏడాదే తన పుస్తకంలో కార్దానోను దుమ్మెత్తిపోశాడు. కార్దానో బదులు ఆయన శిష్యుడు లొడొవికో ఫెరారి రంగంలోకి దిగాడు. 1548 ఆగస్టు 10న మిలాన్‌లో జనం ముందు వాదం జరిగింది.

ఫెరారి ఆ ఊళ్లోనే ఉంటున్న ఇరవై ఆరేళ్ల యువకుడు. మాటకారి. నాలుగో ఘాత సమీకరణాలను కూడా సాధించినవాడు. టార్టాగ్లియాకు ఊరు కొత్త, సభ ఎదుటివాడిది, పైగా నోటితో వాదించాలి. మొదటి రోజు ముగిశాక ఆయన మిలాన్ వదిలి వెళ్లిపోయాడు. గెలుపు ఫెరారిదయింది. ఈ ఓటమి తర్వాత బ్రెషియాలో దొరికిన ఉపాధ్యాయ పదవిలో జీతం కూడా అందలేదు. మళ్లీ వెనిస్ చేరుకున్నాడు.

నత్తి వల్లే ఓడిపోయాడని చెప్పడం న్యాయం కాదు. ఫెరారికి ఆ విషయంలో ఎక్కువ తెలుసు. టార్టాగ్లియా మచ్చలేని మనిషి కూడా కాదు. తగాదాలకు ముందుండేవాడు. ఆర్కిమిడీస్ రచనలకు మూడు వందల ఏళ్ల నాటి ఒక లాటిన్ అనువాదాన్ని, అనువాదకుడి పేరు చెప్పకుండా 1543లో అచ్చు వేయించాడు. కానీ ఈ తేడా గమనించండి. 1535లో కాగితం మీద, తన టైములో, తన గదిలో లెక్కలు చేసి గెలిచాడు. 1548లో వందల కళ్ల ముందు నిలబడి మాట్లాడాల్సి వచ్చినప్పుడు నిలవలేకపోయాడు. ఒక బిడ్డకు ఎంత తెలుసో మనం అడిగే తీరును బట్టి కూడా మారి కనబడుతుంది.

యూక్లిడ్ ఇంటి భాషలో మాట్లాడాడు

ఈ గొడవలన్నీ గుర్తుండి, ఆయన చేసిన అసలు మేలు చాలామంది మరిచిపోతారు. 1543లోనే టార్టాగ్లియా యూక్లిడ్ రేఖాగణితాన్ని ఇటాలియన్‌లో అచ్చు వేయించాడు. యూరప్‌లో ప్రజలు మాట్లాడే ఒక భాషలో అచ్చయిన మొదటి యూక్లిడ్ అదే. అంతకుముందు ఎక్కువగా వాడుకలో ఉన్న లాటిన్ పుస్తకం అరబిక్ నుంచి వచ్చినది. చేతులు మారే క్రమంలో ఐదో భాగంలో, రెండు నిష్పత్తులు ఎప్పుడు సమానమో చెప్పే నిర్వచనం చెడిపోయింది. తరాలపాటు విద్యార్థులు అర్థం లేని వాక్యాన్ని చదివి, తప్పు తమదే అనుకుని ఉంటారు. గ్రీకు నుంచి నేరుగా వచ్చిన ఇంకో లాటిన్ అనువాదంతో పోల్చి చూసి, టార్టాగ్లియా దాన్ని సరిచేశాడు. ఆ కాలానికి లాటిన్‌నూ ఆయన సొంతంగానే వంటబట్టించుకున్నాడు. కె దగ్గర ఆగిపోయిన పిల్లవాడు పండితులు సరిగా చదవని వాక్యాన్ని సరిగా చదివాడు.

చివరి ఏళ్లలో అంకగణితం మీద పెద్ద గ్రంథం రాశాడు. అదీ ఇటాలియన్‌లోనే. మొదటి భాగాలు 1556లో వచ్చాయి, మిగతావి ఆయన పోయాక 1560కి పూర్తయ్యాయి. 1557 డిసెంబరు 13న వెనిస్‌లో పేదరికంలోనే కన్నుమూశాడు. అదే ఏడాది ఇంగ్లండ్‌లో రాబర్ట్ రికార్డ్ అనే వైద్యుడు తన ఇంగ్లిష్ పుస్తకంలో సమానం గుర్తును మొదటిసారి అచ్చు వేశాడు. సమానం అని మాటిమాటికీ రాయడం విసుగనిపించి రెండు గీతలు పెట్టాడు. ఆ గుర్తు టార్టాగ్లియా లెక్కలకు అందలేదు.

మనకూ ఇలాంటి వారసత్వం ఉంది. మహావీరాచార్యుడు 9వ శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. టార్టాగ్లియాకు కొన్ని శతాబ్దాల ముందే జరిగిన పని ఇది. లెక్క ఇంటి భాషలో అర్థమయ్యాక ఏ భాషలోకైనా తీసుకెళ్లవచ్చని ఇద్దరికీ తెలుసు.

ఈ నెల ఇంట్లో చేసి చూడండి

మీ బిడ్డ తప్పు చేసిన ఒక వర్డ్ ప్రాబ్లమ్ తీసుకోండి. ముందు మీరు దాన్ని ఇంగ్లిష్‌లోనే నెమ్మదిగా చదివి వినిపించండి. ఇప్పుడు చేయగలిగితే ఇబ్బంది చదవడంలో ఉంది. చేయలేకపోతే అదే ప్రశ్నను తెలుగులో చెప్పండి. ఇప్పుడు చేస్తే ఇబ్బంది ఇంగ్లిష్ మాటల్లో ఉంది. అప్పటికీ చేయలేకపోతే చింతపిక్కలో, అగ్గిపుల్లలో ఇచ్చి చేసి చూపించమనండి. వాటితో చేయగలిగితే ఆలోచన ఉంది, దాన్ని మాటల్లోకి, అంకెల్లోకి తేవడం ఇంకా రావాలి. అక్కడ కూడా ఆగిపోతేనే ఆ లెక్కను మళ్లీ మొదటి నుంచి నేర్పాలి.

ఒక్క మాట చూసి లెక్క చేసే అలవాటును కూడా గమనించండి. రవి దగ్గర 8 గోళీలు ఉన్నాయి, అవి సీను దగ్గరున్న వాటికన్నా 3 ఎక్కువ, సీను దగ్గర ఎన్ని? ఎక్కువ అనే మాట చూడగానే కూడేసి 11 అనే పిల్లలు చాలామంది ఉంటారు. జవాబు 5. ఇలాంటిది వస్తే ప్రశ్నను తమ సొంత మాటల్లో మీకు కథలా చెప్పమనండి. కథ సరిగా వస్తే లెక్క దాని వెంటే వస్తుంది.

మాటలు బాగా ఆలస్యంగా వచ్చిన బిడ్డ, నత్తితో బాధపడే బిడ్డ, మూడో తరగతికి వచ్చినా కూడబలుక్కుని చదివే బిడ్డ ఉంటే, ఇంకో మ్యాథ్స్ ట్యూషన్ పెట్టించే ముందు క్లాస్ టీచర్‌తో మాట్లాడండి. స్పీచ్ థెరపిస్టును కలవండి. వినికిడి కూడా పరీక్ష చేయించండి. వచ్చే పేరెంట్ టీచర్ మీటింగ్‌కు ఆ తప్పు చేసిన లెక్కల పేజీ వెంట తెచ్చుకుని, మార్కులు ఎన్ని అని కాకుండా, మా బిడ్డ ఏ మాట దగ్గర ఆగిపోతున్నాడు అని అడగండి.